ఎండ తక్కువ, ఉక్క ఎక్కువ: విశాఖ వేసవి తిండి లెక్క

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బదిలీ మీద విశాఖ వచ్చిన కుటుంబాలు లారీలో తెచ్చుకున్న సామాన్లలో రెండు మొదటి వేసవికే మూలన పడతాయి. ఒకటి ఎయిర్ కూలర్, రెండోది మంచినీళ్ళ కుండ. కూలర్ వేస్తే గది చల్లబడదు సరికదా దుప్పట్లు చెమ్మగా తయారవుతాయి. రాత్రి కుండలో పోసిన నీళ్ళు పొద్దున తాగితే చల్లగా తగలవు, కాస్త వేడి తగ్గినట్టు ఉంటాయి. కుండ సరిగ్గా కాలలేదేమోనని ఇంకోటి కొంటారు. అదీ అంతే.

కుండలో లోపమేమీ లేదు. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరైపోతూ లోపలి వేడిని తనతో పట్టుకుపోతుంది. గాలి పొడిగా ఉన్నచోట ఆ పని చకచకా సాగుతుంది. 40 డిగ్రీల ఎండ ఉండి, గాలిలో తేమ 20 శాతమే ఉంటే కుండలో నీళ్ళు లెక్కప్రకారం 23 డిగ్రీల దాకా దిగగలవు. విశాఖలో మే నెల మధ్యాహ్నం 34 డిగ్రీలే ఉండొచ్చు, కానీ తేమ 70 శాతం దగ్గర ఉంటుంది. అప్పుడు ఎంత మంచి కుండైనా 29 డిగ్రీల కిందకు దిగలేదు. కూలర్‌దీ ఇదే కథ, మనిషి ఒంటిదీ ఇదే కథ. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలో కేలరీల వేడి పోతుంది. అదే చెమట ఆవిరి కాకుండా వీపు మీంచి జారి చొక్కా తడిపితే వేడి పోదు, నీళ్ళూ ఉప్పూ మాత్రం పోతాయి. 34 డిగ్రీలకు 70 శాతం తేమ తోడైతే నీడలో కూర్చున్నా ఒంటికి 45 డిగ్రీలు దాటినట్టే తెలుస్తుంది. టీవీలో రెంటచింతల ఎండ గురించి చెప్పాక విశాఖ 35 అని చదివితే, ‘మీకేంటి, సముద్రం పక్కన హాయిగా ఉన్నారు’ అని ఫోన్ చేసే బంధువులు ఇక్కడ ప్రతి ఇంటికీ ఉంటారు.

వేసవి రాగానే ఏం తినాలి, ఏం తినకూడదు అని వచ్చే సలహాల్లో చాలామటుకు ఎండ ఊళ్ళకు సరిపోయేవి. విశాఖలో వంట వేళను, వంటకాన్ని, మిగిలిన అన్నం గతిని, ఆవకాయ ఎప్పుడు పెట్టాలన్నదాన్ని, చివరికి హోటల్లో ఏ బల్ల దగ్గర కూర్చోవాలన్నదాన్ని కూడా నిర్ణయించేది ఉక్కపోత. ఎండ దాని తర్వాతే.

ఒక గ్లాసుడు ఆవిరి

అపార్ట్‌మెంట్ వంటగది ఒకటి తీసుకుందాం. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. 32 డిగ్రీల దగ్గర ఆ గదిలోని గాలి మొత్తం కలిపి మోయగలిగే నీటి ఆవిరి ముప్పావు కిలో. తేమ అప్పటికే 75 శాతం ఉందంటే ఇక మిగిలిన ఖాళీ 190 గ్రాములు. అంటే ఒక గ్లాసు నీళ్ళు. ఇడ్లీ పాత్రలో ఒక వాయి, పప్పు కుక్కర్ నాలుగు విజిళ్ళు, పక్కన మూత లేకుండా మరిగే చారు. తలుపులు, కిటికీలు మూసి ఉంటే ఆ గ్లాసు నిండడానికి పావుగంట పట్టదు. ఆ తర్వాత స్టవ్ ముందు నిలబడ్డ మనిషి చెమట ఆవిరి కావడానికి గాలిలో చోటే ఉండదు. ఫ్యాను వేద్దామంటే మంట కొట్టుకుంటుంది. గొట్టం బయటికి పెట్టని చిమ్నీ అయితే నూనె జిడ్డును వడకడుతుంది గాని ఆవిరిని మళ్ళీ ఆ గదిలోకే వదిలేస్తుంది. డబ్బులు పెట్టి చిమ్నీ బిగించుకుని ‘అయినా ఉక్కపోస్తోందేంటి’ అనుకునేవాళ్ళు గమనించాల్సింది ఆ గొట్టాన్ని. ఒక మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ దీనికంటే నయం.

ఇంట్లో ఏసీ ఉంటే పడగ్గదిలో ఉంటుంది, వంటింట్లో ఉండదు. ఆ వంటింట్లో నిలబడేది ఎక్కువగా ఎవరో విడిగా చెప్పక్కర్లేదు. అందుకే ఏప్రిల్ వచ్చేసరికి ఈ ఊళ్ళో వంట టైము ముందుకు జరుగుతుంది. పొద్దున ఐదున్నరకు స్టవ్ వెలిగి ఏడున్నరకల్లా మధ్యాహ్నం కూర కూడా దిగిపోతుంది. టిఫిన్‌కి ఇడ్లీ, భోజనానికి అన్నం, పప్పు, చారు అనే వరసలో ప్రతిదీ ఆవిరి పుట్టించేదే కాబట్టి, తెలిసినవాళ్ళు వాటిలో ఒకటో రెండో తగ్గించి పచ్చిముక్కల మీద పడతారు. దోసకాయ పచ్చడి, మామిడికాయ కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి, ఒక్క పొంగుతో దించేసే ఆనపకాయ మజ్జిగ పులుసు. సొరకాయను ఈ ప్రాంతంలో ఆనపకాయ అంటారు. రైతు బజార్లో ‘సొరకాయ ఎంత’ అని అడిగితే మీరు కృష్ణా గుంటూరు వైపు నుంచి వచ్చారని అమ్మే ఆవిడకు వెంటనే తెలిసిపోతుంది.

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం రైతు బజార్లలో వేసవి పొద్దులు కూడా అలాగే ముందుకు జరుగుతాయి. ఏడింటికి వెళ్తే ఆకుకూర నిటారుగా ఉంటుంది, పదింటికి తలవాల్చేస్తుంది. 1999 జనవరిలో రైతు బజార్లు మొదలుపెట్టినప్పుడు దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలన్నది ఆలోచన. వేసవిలో కొనేవాళ్ళకు దానివల్ల ఇంకో లాభం కలిసొస్తుంది. చేతులు తక్కువ మారిన కూర ఉక్కలో తక్కువసేపు ఉంటుంది.

పొద్దున్నే లేచి వండలేని ఇళ్ళకు కర్రీ పాయింట్ దిక్కు. అన్నం కుక్కర్లో పెట్టుకుని, వీధి చివర రెండు కూరలు, ఒక పప్పు, ఒక సాంబారు ప్యాకెట్ తెచ్చుకోవడం ఇప్పుడు బ్యాచిలర్ల అలవాటే కాదు, నలుగురున్న ఇళ్ళలో కూడా వేసవి ఏర్పాటు. వంటింటి ఆవిరిని ఇంకొకళ్ళ వంటింటికి అప్పజెప్పడం అది. ఇందులో ఒక చిక్కుంది. పన్నెండింటికి వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టిన కూర ఒంటిగంటకు తినేస్తే పర్వాలేదు. సగం మిగిల్చి అదే కవర్లో గట్టు మీద పెట్టి రాత్రి ఎనిమిదికి విప్పితే, ఆ ఎనిమిది గంటలూ కూర సూక్ష్మజీవులకు ఇష్టమైన వేడిలోనే ఉన్నట్టు. తెచ్చిన వెంటనే రాత్రి వాటా వేరే గిన్నెలోకి తీసి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టడం రెండు నిమిషాల పని.

మూడింటికే పొంగిన పిండి

ఉక్కలో అన్నీ నెమ్మదిస్తాయి, పులవడం ఒక్కటి పరుగందుకుంటుంది. చలికాలంలో ఇడ్లీ పిండి పొంగడానికి పన్నెండు గంటలు పడితే, మే నెలలో ఐదారు గంటలు చాలు. రాత్రి తొమ్మిదికి రుబ్బి గట్టు మీద పెట్టిన పిండి తెల్లవారుజామున మూడింటికే గిన్నె అంచు దాటి కిందికి కారుతుంది. ఆరింటికి లేచి చూస్తే పొంగి కుంగిపోయిన పిండి, ముక్కుకు తగిలే పులుపు. ఆ పిండితో ఇడ్లీ గట్టిగా వస్తుంది, అట్టు మాత్రం బాగానే వస్తుంది. వేసవిలో విశాఖ ఇళ్ళలో అట్లు ఎక్కువ తినడానికి ఈ పొంగిపోయిన పిండి కూడా ఒక కారణమని చెప్తే అతిశయోక్తి కాదు. పిండి రుబ్బడం రాత్రి పడుకోబోయే ముందుకు జరపడం, సగం పిండిని పొంగకముందే ఫ్రిజ్‌లోకి తోసేయడం, ఉప్పు పొద్దున కలపడం, ఇవన్నీ అనుభవం మీద వచ్చిన సర్దుబాట్లు. పెరుగూ అంతే. నాలుగు గంటల్లో తోడుకుంటుంది, ఏడో గంటకు పుల్లబడుతుంది. పెరుగులో కొబ్బరి ముక్క వేస్తే పులవదని నమ్మే ఇళ్ళు చాలా ఉన్నాయి. తోడు తగ్గించి, గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టడం అంతకంటే నమ్మదగ్గ దారి.

ఈ పులుపుతో కొట్లాడకుండా దాన్నే పనికి పెట్టుకున్న వంటకం తరవాణి. పాత ఇళ్ళలో ఒక కుండ దీనికోసమే ఉండేది. గంజి, కడుగు నీళ్ళు, మిగిలిన అన్నం అందులో పడేవి. ఒకటి రెండు రోజుల్లో ఆ నీరు పుల్లబడి తేటగా పైకి తేలేది. తెల్లారి ఆ పుల్లటి నీళ్ళలో నానిన అన్నంలో ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ నంచుకుని పొలానికో పడవకో వెళ్ళేవాళ్ళు. పక్కనే ఒడిశాలో పఖాళ పేరుతో ఇదే తిండి ఇప్పటికీ గౌరవంగా బతికి ఉంది. తెలుగువైపు చద్దన్నం అనేసరికి కొంత చిన్నచూపు ఉండేది. ఈ మధ్యే అదే అన్నం మట్టి ముంతలో, పక్కన ఊర మిరపకాయతో, హోటల్ మెనూ ఎక్కింది.

అన్నం పులవడానికి, పాడవడానికి తేడా తెలియకపోతే ఇక్కడే ఇబ్బంది వస్తుంది. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావకుండా మిగలగలవు. రాత్రంతా ఉక్కలో ఉత్త అన్నాన్ని వదిలేస్తే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. పొద్దున ఆ అన్నాన్ని పులిహోరగా తాలింపు వేసినా, ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. మజ్జిగో పెరుగో కలిపి నీళ్ళు పోసి ఉంచిన అన్నంలో పులుపు ముందుగా పెరిగి ఆ బ్యాక్టీరియాకు చోటివ్వదు. అమ్మమ్మలు రాత్రి అన్నంలో చల్ల పోసి మూత పెట్టింది రుచి కోసమే అనుకుంటాం గాని, అది కాపలా కూడా. ఫ్రిజ్‌లో పెట్టకుండా, చల్ల పోయకుండా వదిలేసిన అన్నాన్ని ‘వేస్ట్ చేయకూడదు’ అని మర్నాడు తినడం మాత్రం పొదుపు అనిపించుకోదు.

ఎండకు పెట్టినవి ఎండవు

ఆవకాయకు వేసవి, వడియాలకు వేసవి, ఊర మిరపకాయలకు వేసవి. రాష్ట్రమంతటా ఇదే క్యాలెండర్. విశాఖలో మాత్రం మేడ మీద గుమ్మడి వడియాలు పెట్టిన ఇల్లాలికి ఒక రోజు ఎక్కువ పడుతుంది. ఎండ సరిపడా ఉన్నా, గాలిలో తేమ నిండి ఉండటంతో పిండిలోని నీరు బయటికి వెళ్ళడానికి మొరాయిస్తుంది. పైగా సాయంత్రం సముద్రపు గాలి మొదలయ్యాక పొద్దంతా ఎండినవి మళ్ళీ చెమ్మ పీల్చుకుంటాయి. అందుకే మూడున్నర, నాలుగుకల్లా చాప చుట్టి కిందికి దించేయాలి. దించడం మర్చిపోతే ఆ రోజు ఎండ సగం వృథా. మాగాయ ముక్కలతో ఇంకా టెన్షన్. పైకి ఎండినట్టు కనిపించి లోపల మెత్తగా ఉన్న ముక్క జాడీలోకి వెళ్తే శ్రావణం నాటికి బూజు కనిపిస్తుంది.

ఆవకాయకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే దానికి ముక్క ఎండక్కర్లేదు. ఉప్పు, ఆవపిండి, కారం, పైన తేలే నువ్వులనూనె కలిసి కాపాడతాయి. నూనె చేసే ముఖ్యమైన పని గాలిని, గాలిలోని చెమ్మని ముక్కకు తగలనివ్వకపోవడం. మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె పైకి తేలకపోతే ఇంకాస్త పోయమని పెద్దవాళ్ళు పట్టుబట్టడం చాదస్తం కాదన్నమాట. నూనె తక్కువ తినాలని డాక్టర్ చెప్పాడని జాడీలో తగ్గిస్తే ఈ ఊళ్ళో ఆవకాయ దసరా చూడదు. జాడీ నిండా పోసుకుని, పళ్ళెంలో తక్కువ వేసుకోవడమే మార్గం. బెల్లం ఆవకాయ ఈ వైపు ఎక్కువ కనిపించడానికి పక్కనే అనకాపల్లి ఉండటం ఒక కారణం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి గంట దూరంలో ఉంటే పప్పులోకి, పులుసులోకి, పచ్చడిలోకి కూడా బెల్లం ముక్క జారకుండా ఉండదు.

చిన్నా చితకా ఇబ్బందులకు లెక్కే లేదు. ఉప్పు డబ్బాలో అడుగున నీరు, వేయించిన గంటకే మెత్తబడే అప్పడం, విప్పిన పూటే సాగిపోయే బిస్కెట్ ప్యాకెట్.

61 రోజుల సెలవు

సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో వేసవిలో సముద్రపు చేప దొరకడం కష్టమంటే కొత్తవాళ్ళు నమ్మరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. ఒకప్పుడు 47 రోజులుండేది, 2015 నుంచి 61 రోజులైంది. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని కదలకుండా నిలబడతాయి. మరమ్మతులు, రంగులు, వలలు కుట్టుకోవడం ఆ రెండు నెలల పని. నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025లో 20 వేల రూపాయలకు పెంచారు. తెడ్డు, తెరచాపలతో నడిచే సంప్రదాయ పడవలకు నిషేధం వర్తించదు కాబట్టి కొంత చేప వస్తూనే ఉంటుంది, కానీ అది ఇంత పెద్ద ఊరికి ఏ మూలకూ చాలదు. కోనాం, చందువ దొరికినా ధర చూసి వెనక్కి తిరగాల్సిందే.

ఆ రెండు నెలలూ మార్కెట్‌ను నడిపేవి చెరువు చేపలు. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఐసులో వచ్చే రాగండి, బొచ్చె, చెరువు రొయ్య. సముద్రపు చేప తిని పెరిగిన నాలుకకు రాగండి చప్పగా ఉంటుంది. దాంతో పులుసులో చింతపండు, కారం కొంచెం పెరుగుతాయి. అసలైన వేసవి వంట మాత్రం ఎండు చేపల్లో ఉంది. నిషేధానికి ముందే హార్బర్ దగ్గర ఆరబెట్టి దాచిన నెత్తళ్ళు, సావడాలు, ఎండు రొయ్యలు ఏప్రిల్ చివరికి పుల్ల మామిడికాయతో కలుస్తాయి. ఎండు రొయ్యల తలలు, తోకలు గిల్లి, బాణలిలో నూనె లేకుండా వేపి, నీళ్ళలో రెండుసార్లు జాడించి, ఉల్లిపాయ మగ్గాక మామిడికాయ ముక్కలతో కలిపి దించుతారు. మామిడికాయ పులుపు నీచు వాసనను లొంగదీస్తుంది. ఈ కూరకు ఇంకో గుణం ఉంది. ఉప్పు, పులుపు, ఎండు సరుకు కలిసినది కాబట్టి పొద్దున వండితే ఉక్కలో కూడా రాత్రికి బాగానే ఉంటుంది. ఒకప్పుడు ఫ్రిజ్ లేని ఇళ్ళు వేసవిలో దీన్ని ఎంచుకోవడం ఊరికే జరిగింది కాదు. అపార్ట్‌మెంట్లలో పక్కింటి వాళ్ళు వాసనకు తలుపులు వేసుకోవడం వల్ల ఈ వంట పాత ఊళ్ళోకి, ఆదివారం మధ్యాహ్నాల్లోకి కుదించుకుపోతోంది.

కొండల వైపు నుంచి, తోటల నుంచి వచ్చేవి ఈ లోటును కొంత పూడుస్తాయి. మన్యం నుంచి, సింహాచలం చుట్టుపక్కల నుంచి పనసకాయ దిగుతుంది. దాన్ని పొట్టు కొట్టి, ఆవ పెట్టి చేసే కూర శాకాహారుల పెళ్ళిళ్ళలోనే కాదు, కర్రీ పాయింట్లలో కూడా ముందు అయిపోయేది. పచ్చి జీడిపప్పు కూర కొద్ది వారాల ముచ్చట. ఇక మామిడి. బుగ్గ ఎర్రబారిన సువర్ణరేఖ ఈ ప్రాంతపు కాయే, బంగినపల్లి కంటే ముందు బండి ఎక్కుతుంది. మరీ ముందు ఎక్కితే అనుమానించాలి. కాల్షియం కార్బైడ్‌తో పండించడాన్ని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి, ఇథిలీన్ వాయువుతో పండించడానికి అనుమతి ఉంది. వరిగడ్డిలో కప్పి పెట్టినప్పుడు కూడా కాయ నుంచి వచ్చే ఇథిలీనే గడ్డిలో చిక్కుకుని మాగబెడుతుంది. తొక్కంతా ఒకే పసుపు, లోపల టెంక దగ్గర తెల్లటి పులుపు ఉన్న కాయను తొందరపెట్టి పండించారని అనుకోవచ్చు.

తాటి ముంజెల గురించి మాత్రం ఆగి చెప్పాలి. భీమిలి రోడ్డు పక్కన గెలలు కుప్పపోసి, కత్తితో కాయ తల లేపి చూపిస్తారు. మూడు కళ్ళు కనిపిస్తాయి. బొటనవేలు పెట్టి తీస్తే ముంజె జారి వస్తుంది. లేతది వేలికి మెత్తగా తగిలి, నొక్కితే నీళ్ళు చిమ్ముతుంది. ముదిరినది కొబ్బరిలా గట్టిగా ఉండి కడుపు నొప్పి తెస్తుందని పిల్లలకు ఇవ్వరు. వలిచి ప్యాకెట్లో పెట్టినవి సాయంత్రానికే జిగురు తేలతాయి కాబట్టి కళ్ళ ముందు కొట్టించుకున్నవే కొనాలి.

ఉప్పు సంగతి

వేసవిలో ఒంటికి చలవ చేసేవి, వేడి చేసేవి అనే పాత విభజన విశాఖలోనూ గట్టిగా ఉంది. దాన్ని పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. మాంసకృత్తులు అరగడానికే వాటి శక్తిలో 20 నుంచి 30 శాతం వేడిగా ఖర్చవుతుంది, అన్నం లాంటి పిండిపదార్థాల్లో ఆ వాటా పది శాతం లోపే. కోడికూర తిన్న మధ్యాహ్నం ఒళ్ళు మండినట్టుండటం మొత్తంగా అపోహ కాదు. కానీ చలవ జాబితాలో ఉన్నవన్నీ చెమటలో పోయినదాన్ని తిరిగి ఇవ్వవు. లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది. కొబ్బరి నీళ్ళలో పొటాషియం పుష్కలం, సోడియం తక్కువ. పానకంలో చక్కెర శక్తి ఉంది, ఉప్పు లేదు. సబ్జా నీళ్ళు నీళ్ళే. పోర్టులోనో ఉక్కు కర్మాగారంలోనో షిఫ్ట్ చేసి చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలతో ఇంటికొచ్చే మనిషికి రెండు కొబ్బరి బొండాల కంటే ఉప్పు వేసిన పెద్ద గ్లాసు మజ్జిగ ఎక్కువ పనికొస్తుంది. బీపీ మందులు వాడేవాళ్ళు మాత్రం ఉప్పు విషయం డాక్టర్‌ను అడిగే పెంచుకోవాలి.

ఉత్తరాంధ్ర పాత తిండిలో దీనికి సరిగ్గా సరిపోయేది చోడి అంబలి. రాగుల్ని ఇక్కడ చోళ్ళు అంటారు. రాత్రి నానిన చోడి పిండిని కాచి, చల్లారాక ఉప్పు, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసుకుని తాగుతారు. నీరు, ఉప్పు, పిండి, పులుపు నాలుగూ ఒకే గ్లాసులో. బీచ్ రోడ్డులో పొద్దున నడిచేవాళ్ళ కోసం రాగి జావ బండ్లు వరస కట్టాయి. పక్కనే ఖరీదైన ఎనర్జీ డ్రింక్ సీసా పట్టుకుని పరిగెత్తేవాళ్ళూ ఉంటారు. రెండింటిలో ఏది తక్కువ ధరకు ఎక్కువ ఇస్తుందో పైన చెప్పిన లెక్క ఉండనే ఉంది. అక్షయ తృతీయనాడు సింహాచలంలో చందనోత్సవానికి గంటల తరబడి క్యూలో నిలబడ్డవాళ్ళకు మజ్జిగ పంచే అలవాటు కూడా సరైన చోట సరైన పానీయం.

గాలి కోసం బయటికి

సాయంత్రం ఆరు దాటాక విశాఖ ఇళ్ళలోంచి బయటికొచ్చేది తిండి కోసమనుకుంటాం గాని, మొదట గాలి కోసం. గాలి వీస్తే తేమ ఉన్నా చెమట కొంత ఆరుతుంది. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా గోడ మీద కూర్చున్నవాళ్ళ చేతుల్లో ఏముందో చూడండి. మురీ (మరమరాల) మిక్చర్ పొట్లం, మొక్కజొన్న పొత్తు, మిరపకాయ బజ్జీ. మండు వేసవిలో బజ్జీ ఏమిటని అనిపిస్తుంది. మిరపకాయలోని కాప్సైసిన్ నోట్లో వేడిని గుర్తించే నరాలనే తట్టి లేపుతుంది, ఒళ్ళు ఎండలో ఉన్నట్టే భావించి చెమట పోస్తుంది. బీచ్‌లో ఆ చెమటను గాలి ఆర్పేస్తుంది కాబట్టి తిన్నాక హాయిగా ఉంటుంది. అదే బజ్జీ గాలాడని గదిలో తింటే మంట మాత్రమే మిగులుతుంది. గాలి ఉన్నచోట కారం, లేనిచోట పెరుగు అన్న లెక్క తెలియకుండానే ఊరంతా పాటిస్తుంది. గాజువాక, గోపాలపట్నం లాంటి చోట్ల కొండలు అడ్డమై గాలి అంతగా అందదు. అక్కడ సాయంత్రం రద్దీ సోడా, జ్యూస్ బండ్ల దగ్గర ఎక్కువ కావడంలో వింత లేదు.

మురీ మిక్చర్ బండివాడి చేతులు గమనిస్తే ఈ ఊరి వాతావరణం మొత్తం అర్థమైపోతుంది. మురీల సంచి మూతి ఎప్పుడూ తాడుతో బిగించి ఉంటుంది. ఒక పొట్లానికి సరిపడా తీసి వెంటనే మళ్ళీ కట్టేస్తాడు. ఉల్లి, టమాటా, మామిడికాయ తురుము, వేరుశెనగ పప్పు, కారం, నిమ్మరసం, నూనె చుక్క అన్నీ డబ్బాలో పడ్డాక నాలుగు కుదుపులు, పొట్లంలోకి ఒక్క వంపు. ముందే కలిపి పెట్టడం అనేది ఉండదు. సముద్రపు గాలిలో కలిపిన మురీ ఐదు నిమిషాల్లో కరకర పోయి నానిన అటుకుల్లా తయారవుతుంది. ఫొటోలు తీసుకుని తిందామనుకునేవాళ్ళు ఎప్పుడూ మెత్తటి మురీయే తింటారు. న్యూస్‌పేపర్ పొట్లం వద్దని, ఇంకు తిండిలోకి దిగుతుందని ఆహార భద్రత సంస్థ చెప్తూనే ఉంది. పేపర్ ప్లేటు అడిగితే చాలామంది ఇస్తున్నారు.

ఏసీ రెస్టారెంట్ వేరే అవసరం తీరుస్తుంది. ద్వారకానగర్, సిరిపురం వైపు మే నెల ఆదివారం మధ్యాహ్నం టోకెన్ తీసుకుని అరగంట నిలబడేవాళ్ళు డబ్బు పెట్టేది సగం భోజనానికి, సగం పొడి గాలికి. ఏసీ గదిని చల్లబరచడమే కాకుండా గాలిలోని నీటిని బయటికి పంపేస్తుంది. చొక్కా ఆరుతుంది, ఆకలి తిరిగొస్తుంది. ఇంట్లో రెండు ముద్దలు తిని లేచిన మనిషే ఇక్కడ పప్పు, నెయ్యి, ఆవకాయతో మొదలుపెట్టి బిరియానీ దాకా వెళ్ళడం అందుకే. 2017 నవంబర్‌కు ముందు ఏసీ హోటల్‌కు 18 శాతం, ఏసీ లేనిదానికి 12 శాతం జీఎస్టీ ఉండేది. ఆ నెల 15 నుంచి మామూలు రెస్టారెంట్లన్నిటికీ 5 శాతమే. పన్ను తేడా పోయాక మధ్యతరగతి కుటుంబం ఏసీ హాలు వైపు నడవడానికి ఒక అడ్డు తగ్గింది. మెనూలో మాత్రం ఏసీ హాలు రేట్లు, మామూలు హాలు రేట్లు వేరుగా వేసే హోటళ్ళు ఇంకా ఉన్నాయి.

బిరియానీ మధ్యాహ్నం తగ్గి రాత్రి తొమ్మిది తర్వాత పుంజుకుంటుంది, అదీ ఎక్కువగా పార్సిల్. మూత బిగించిన డబ్బాలో ఆవిరి నీరై మెతుకుల మీద పడుతుంది కాబట్టి ఇంటికి చేరగానే మూత తీసి రెండు నిమిషాలు వదిలేస్తే మేలు. ఆ డబ్బా తెచ్చిన కుర్రాడు హెల్మెట్ తీసి ముఖం తుడుచుకుంటూ నిలబడితే ఒక గ్లాసు చల్లటి నీళ్ళు అడగడానికి కూడా మొహమాటపడతాడు. అడక్కుండానే ఇచ్చే ఇళ్ళూ ఉన్నాయి.

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. విశాఖలో పడమటి గాలి తిరిగిన రోజుల్లో సముద్రపు గాలి ఆగిపోయి నిజంగానే 40 దాటుతుంది. చిత్రంగా ఆ రెండు మూడు రోజులే ఇక్కడ వడియాలు ఒక్క ఎండకు ఎండుతాయి, కుండ నీళ్ళు చల్లబడతాయి. మేడ మీద ఖాళీ చాపలన్నీ ఆ వారంలోనే పరుచుకుంటాయి. తర్వాత మృగశిర వస్తుంది. జూన్ 14 అర్ధరాత్రి దాటాక హార్బర్‌లో ఇంజిన్లు స్టార్టవుతాయి, ఐసు నింపుకున్న బోట్లు ఒక్కొక్కటే బయటికి జరుగుతాయి. వేటకు వెళ్ళిన బోటు తిరిగొచ్చి, మొదటి కోనాం ముక్కలు పులుసులో పడేసరికి మే నెల ఆవకాయ ఊరి, జాడీ మూతి మీద గుడ్డ కట్టుకుని అటక ఎక్కి ఉంటుంది.